మాస్టారి సున్నాలు

మాస్టారు పోయాక జరిగిన ఆదరణ కూడికకు ఊళ్ళో అందరం కలిశాం. ప్రార్థన అయింది, భోజనాలూ అయ్యాయి. సాయంత్రం వాళ్ళమ్మాయి అటక మీంచి రేకు పెట్టె దింపించి మూత తీసింది. ముందు కలరా ఉండల ఘాటు. దాని వెనకాలే ఇంకో వాసన, కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషను సిరాది. నూనే మసీ కలిసిన జిడ్డు వాసన. పెట్టె చుట్టూ నిలబడ్డవాళ్ళలో యాభై దాటినవాళ్ళందరూ మాటలు ఆపేశారు. ఒకప్పుడు ఆ వాసన వచ్చిందంటే శనివారం రాత్రయినట్టు, తెల్లారితే ఆదివారం ప్రశ్న చేతికి వస్తుందన్నట్టు.

ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడు. మా బాప్టిస్టు సంఘానికి కార్యదర్శి. బైబిలు కళాశాల గడప తొక్కలేదు, గ్రీకు రాదు. అయినా కొమ్మమూరు కాలువ పక్కన ఆ చిన్న ఊళ్ళో పాతికమంది దాకా, రక్షణ మొదటినుంచి చివరిదాకా దేవుడి పనేనన్న సంస్కరణ సిద్ధాంతాన్ని మనసారా పట్టుకున్నారంటే అది ఆయన అడిగిన ఒక్క ప్రశ్న వల్లే. "ఈ వాక్యంలో కర్త ఎవరు?"

*

అప్పట్లో మా వైపు విశ్వాసులు ఎదురుపడితే మొదట "వందనాలండీ" అనేవారు, వెంటనే "రక్షణ ఎప్పుడు పొందారు?" అని అడిగేవారు. తేదీ చెప్పాలి. చెప్పలేనివాణ్ణి ఇంకా బయటివాడిగానే చూసేవారు.

కుప్పనూర్పిళ్ళు అయ్యాక ఉజ్జీవ సభలు, మూడు రాత్రులు. తాటాకు పందిరి, కింద వరిగడ్డి, తాడిచెట్లకు కట్టిన గొట్టం మైకులు, పెట్రోమాక్సు లైటు చుట్టూ పురుగులు. మూడో రాత్రి వర్తమానం చివర పాట నెమ్మదించేది. అదే చరణం నాలుగోసారి, అయిదోసారి. "ఇంకొక్కరున్నారు. ప్రభువు తలుపు తడుతున్నాడు, గడియ నీ చేతిలోనే ఉంది" అని ప్రసంగీకుడు బతిమాలేవాడు. చెయ్యెత్తి ముందుకొచ్చినవాళ్ళకు తీర్మానం కార్డు ఇచ్చేవారు. పేరు, ఊరు, సంఘం, కింద రెండు గళ్ళు: "మొదటిసారి", "తిరిగి సమర్పణ".

మాది లెక్కలంటే ఇష్టపడే సంఘం. దానికి కారణముంది. 1878 జులైలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మా వైపు పిల్లలకు కూడా నోటికొచ్చు. ఆ పెద్ద లెక్క వెనకున్న సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు. అంతకు ముందు కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించి జనానికి కూలి పెట్టాడు. కూటి కోసం కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు.

సభల కార్డులు దాచే పని మాస్టారిది. పదేళ్ళ కార్డులు ముందేసుకుని ఒకసారి వరస పెట్టారు. ఒకే మనిషి పేరు ఏడు కార్డుల మీద కనబడింది. వాటిలో నాలుగు "మొదటిసారి" గడిలోవే. ఆ మనిషి వేషగాడు కాడు. ఆదివారం అందరికంటే ముందొచ్చి గుడి ఊడ్చేవాడు. అతన్ని ఏటేటా తినేసింది ఒకే దిగులు: పోయినేడు చెయ్యెత్తినప్పుడు నా మనసు పూర్తిగా ఉందా? ఈ పద్ధతిలో ఉన్న లోపం అదే. రక్షణకు ఆనవాలు ఎత్తిన చెయ్యి అయినప్పుడు, ఆనుకునే ఆనిక సిలువ నుంచి జారి ఆ చేతి మీదికి వస్తుంది. మన చెయ్యి ఎంత ఎత్తినా మన మనస్సాక్షికి చాలదు.

ఈ ముందుకు పిలవడం అపొస్తలుల నాటినుంచీ ఉన్నదని అందరం అనుకునేవాళ్ళం. అమెరికాలో చార్లెస్ ఫిన్నీ 1830ల్లో సభ ముందు ప్రత్యేకంగా బల్ల వేయించి, ఆత్మ గురించి ఆందోళన పడేవాళ్ళను అక్కడికి రమ్మనే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. అంతకు తొంభై ఏళ్ళ ముందు ఆరుబయట వేలమందికి సువార్త చెప్పిన జార్జి విట్‌ఫీల్డు అలా పిలవలేదు. తలుపు తట్టే వచనం కూడా అంతే. ప్రకటన మూడో అధ్యాయం ఇరవయ్యో వచనం లవొదికయ సంఘానికి రాసిన ఉత్తరంలోది. తలుపు లోపల ఉన్నది సంఘం.

*

మాస్టారికి మలుపు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్లో వచ్చింది. కర్తరి వాక్యాన్ని కర్మణి వాక్యంగా మార్చమన్న ప్రశ్న. "రాముడు రావణుని చంపెను" కర్తరి. "రావణుడు రామునిచేత చంపబడెను" కర్మణి. మార్చేటప్పుడు మూడు పనులు చెయ్యాలి. కర్మను ప్రథమా విభక్తిలోకి తేవాలి, కర్తకు "చేత" చేర్చాలి, క్రియకు "బడు" ధాతువు తగిలించాలి. పొద్దుట్నించీ అవే జవాబులు దిద్ది, రాత్రి బసకొచ్చి బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, ఎఫెసీ పత్రిక తెరిచారట. రెండో అధ్యాయం, ఎనిమిదో వచనం: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు."

"చేత" ఉంది. "బడు" ఉంది. వాక్యం మొదట్లో "మీరు" ఉంది, కాని ఆ "మీరు" నిలబడ్డది కర్త స్థానంలో కాదు. "చంపబడెను"లో రావణుడు ఏ చోట ఉన్నాడో, "రక్షింపబడియున్నారు"లో మనమూ ఆ చోటే ఉన్నాం, పని జరిగినవాళ్ళ చోటు.

తెలుగుకు కర్మణి సహజం కాదని ఆయనే క్లాసులో చెప్పేవారు. అన్నం తిన్నాను అంటాం, అన్నం నాచేత తినబడింది అనం. అలాంటి భాషలో ఒక గ్రంథం నిండా ఇన్ని "బడు"లు ఎందుకున్నాయి? అనువాదకులకు తెలుగు రాక కాదు. "బడు" తీసేస్తే వాక్యం హాయిగా ఉంటుంది, అర్థం మాత్రం తారుమారవుతుంది.

ఇక విశ్వాసం సంగతి. కృపకు "చేత" పడింది, విశ్వాసానికి "ద్వారా" పడింది. ఈ తేడా చెప్పడానికి ఆయన మమ్మల్ని కాలువ గట్టుకు తీసుకుపోయారు. నీళ్ళు ప్రకాశం బ్యారేజీ నుంచి వస్తున్నాయి. పొలంలోకి తూము ద్వారా పారుతున్నాయి. తూము లేకపోతే చేను ఎండుతుంది, నిజమే. కాని తూము చుక్క నీటిని కూడా పుట్టించదు. ఎవరి తూము ఎంత వెడల్పని పోల్చుకుంటూ కూర్చున్నవాళ్ళం అప్పటిదాకా.

*

శనివారం సాయంత్రం ఆయన వసారాలో చాప పరిచేవారు. అమ్మగారు ఇత్తడి గిన్నెలో టీ కాచేవారు. కరెంటు పోతే లాంతరు. పద్ధతి ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగినదే, అందుకని వివరంగా రాస్తున్నాను.

తెల్లకాగితం నిలువుగా రెండు భాగాలు చెయ్యాలి. ఎడమ పక్క "దేవుడు", కుడి పక్క "మనం". ఎఫెసీ మొదటి అధ్యాయం మూడు నుంచి పద్నాలుగు వచనాలు తియ్యాలి. గ్రీకులో ఇదంతా ఒకే వాక్యం. ఒక్కో క్రియనూ, అది పూర్తి క్రియ అయినా "నిర్ణయించుకొని" లాంటి అసమాపకమైనా, ఎవరి పని అయితే వాళ్ళ పక్కన రాయాలి. అనుగ్రహించెను, నిర్ణయించుకొని, ఏర్పరచుకొనెను... ఎడమ పక్క నిండుకుంటూ పోతుంది. కుడి పక్కకు చివర్లో మూడొస్తాయి: ముందుగా నిరీక్షించడం, వినడం, విశ్వాసముంచడం.

తప్పు జరిగే చోటు పదమూడో వచనం. "ముద్రింపబడితిరి" అన్నది చూసి దాదాపు అందరూ కుడి పక్కన రాసేస్తారు, "మీరు", "తిరి" కనబడతాయి కనుక. మాస్టారు ఏమీ అనకుండా "బడు" కింద గీత గీసేవారు. వెనక్కి చూస్తే "ఆత్మచేత" ఉంటుంది. చెరిపి ఎడమ పక్క రాసుకునేవాళ్ళం. రెండో తప్పు ఇంతకంటే లోతుది. మనం నమ్ముతామని దేవుడు ముందే చూసి ఏర్పరచుకున్నాడని కలుపుకోవడం. "కారణం ఆ వాక్యంలోనే వెతకండి" అనేవారు. అక్కడున్నది "దయాసంకల్పము చొప్పున" అన్న మాట. మన విశ్వాసం చొప్పున అని లేదు.

తర్వాత యోహాను ఆరో అధ్యాయం. నలభై నాలుగో వచనంలో తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ నా దగ్గరకు "రాలేడు" అని ఉంది. "రాడు" అంటే ఇష్టం లేదని. "రాలేడు" అంటే శక్తి లేదని. ఆ ఒక్క "లే" మీద రెండు శనివారాలు గడిచాయి. ముప్పై ఏడో వచనంలో తండ్రి అనుగ్రహించడం ముందు, వాళ్ళు రావడం తర్వాత. అదే వచనం చివర, వచ్చినవాణ్ణి ఎంతమాత్రం బయటికి తోసెయ్యనన్న మాట. ఈ రెండో సగం వదిలేసి మొదటి సగమే చెప్పేవాళ్ళను ఆయన గట్టిగా ఆపేవారు.

అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయంలో లూదియ. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు "గనుక" పౌలు మాటల మీద ఆమె లక్ష్యముంచింది. ఏది కారణం, ఏది ఫలితం? రోమా ఎనిమిదిలో పిలిచెను, నీతిమంతులుగా తీర్చెను, మహిమపరచెను. చివరిది ఇంకా జరగలేదు కదా, భూతకాలం ఎందుకు పడింది? ఒక కాలేజీ కుర్రాడు "మాస్టారూ, దేవుడి లెక్కలో అయిపోయింది కాబట్టి" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఎదురు వచనాలను ఆయన దాచలేదు. మనుష్యులందరు రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడన్న తిమోతి పత్రిక మాట, ఎవరూ నశించకూడదన్న రెండో పేతురు మాట ఒక నెలంతా చదివించారు. "అందరు" అన్న మాట ఆ అధ్యాయంలో ఎవరిని ఉద్దేశించి మొదలైందో మొదటి వచనం నుంచి చూడమనేవారు. అయినా తృప్తి పడనివాళ్ళున్నారు. వాళ్ళకూ టీ గ్లాసు అలాగే అందేది.

*

హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళిని ఆయన ఇంగ్లీషు ప్రతి నుంచి తెలుగు చేసుకున్నారు. క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్న, జవాబుల్లో నేర్పే పుస్తకం అది, 1563లో జర్మనీలో తయారైంది. 129 ప్రశ్నలు, ఏడాదిలో ఆదివారాలకు సరిపోయేలా 52 భాగాలు. ముందు మన దురవస్థ, తర్వాత విడుదల, ఆ తర్వాత కృతజ్ఞత. ధర్మశాస్త్రాన్ని కృతజ్ఞత భాగంలో వివరించడం మాకు కొత్త. పది ఆజ్ఞలంటే అప్పటిదాకా రక్షణ నిలబెట్టుకోవడానికి కట్టే వాయిదాల్లా ఉండేవి.

కాపీలు తియ్యడానికి తెనాలిలో పాత చేతి మిషను ఒకటి కొన్నారు. తెలుగు టైపు మిషను మీద స్టెన్సిల్ కొడితే ఒత్తులు పడ్డ చోట రెండు దెబ్బలు తగిలి మైనం కాగితం చిరిగేది. అందుకని చేత్తోనే రాసేవారు. స్టెన్సిల్ కింద గట్టి పలక, చేతిలో మొన మొద్దుగా ఉండే ఉక్కు కలం. తేలిగ్గా రాస్తే మైనం తెగదు, సిరా దిగదు. నొక్కితే చిరుగుతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మన లిపిదే. అంతా గుండ్రం. సున్నా చుట్టూ కలం పూర్తిగా తిరిగితే లోపలి ముక్క ఊడిపోతుంది, అచ్చులో సున్నాకు బదులు నల్లటి మచ్చ పడుతుంది. మొదటి వారం కాగితంలో "రక్షింపబడెను" అన్న మాట వచ్చిన చోటల్లా మచ్చే. ఆ తర్వాత ఆయన సున్నా పైన వెంట్రుక వాసి ఖాళీ వదిలి రాయడం అలవాటు చేసుకున్నారు. చివరికి ఆయన బోర్డు మీద రాసినా, ఉత్తరం రాసినా సున్నాలన్నీ నోరు తెరుచుకునే ఉండేవి.

తప్పు పడితే గులాబీ రంగు ద్రవం కుంచెతో పూసి, ఆరాక మళ్ళీ రాయాలి. స్టెన్సిల్‌ను డ్రమ్ముకు తగిలించి ముడత లేకుండా సాపు చెయ్యాలి, ముడత ఉంటే అక్కడ సిరా చేరి గీతలా పడుతుంది. మొదటి అయిదారు కాగితాలు ఎటూ పారెయ్యాల్సిందే, సిరా దిగేదాకా అక్షరం పలచగా ఉంటుంది. నునుపు కాగితం పనికిరాదు, సిరా పీల్చక చెయ్యి తగిలితే అలికిపోతుంది. వానాకాలం కాగితాలు చెమ్మెక్కి రెండేసి దూరతాయి, కట్టను విసనకర్రలా విప్పి విదిలించి పెట్టాలి. వారానికి అరవై కాపీలు. హ్యాండిల్ తిప్పే వంతు కోసం పిల్లలు కొట్టుకునేవాళ్ళు. పని అయ్యాక వాడిన స్టెన్సిల్‌ను పాత పేపర్ల మధ్య అద్ది దాచేవారు. రేకు పెట్టెలో ఇప్పటికీ వాసన కొట్టింది అవే.

మొదటి ప్రశ్న కాగితం మా ఇళ్ళలో గోడలకు అంటించి ఉండేది. బ్రతుకులోను చావులోను నీకున్న ఏకైక ఆదరణ ఏమిటి? నేను నా సొత్తును కాను, నా రక్షకుడైన యేసుక్రీస్తు సొత్తును. ఏడు కార్డుల మనిషికి చదువు రాదు. మనవరాలితో చదివించుకుని కంఠతా పట్టాడు. ఆ తర్వాత సభల్లో అతను ముందుకు పోవడం మానేశాడు. గుడి ఊడవడం మాత్రం పోయేదాకా మానలేదు.

*

రోమా తొమ్మిదో అధ్యాయం చదివిన శనివారం వసారా వేడెక్కింది. పొందగోరువాని వల్లా కాదు, ప్రయాసపడువాని వల్లా కాదు, కరుణించు దేవుని వల్లనే అన్న పదహారో వచనం దగ్గర ఒక పెద్దాయన లేచాడు. "ఇది తలరాత కదండీ మాస్టారూ. దీనికి బైబిలెందుకు?" నలుగురు ఆయన వెంట వెళ్ళిపోయారు. ఇద్దరు మళ్ళీ వచ్చారు, ఇద్దరు రాలేదు.

తెలుగువాళ్ళకు ఈ సిద్ధాంతం చెప్పేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. తలరాతకు మొహం ఉండదు, ప్రార్థన వినదు, మనం ఏం చేసినా చెయ్యకపోయినా ఒకటే. మాస్టారు దీనికి అపొస్తలుల కార్యాలు ఇరవై ఏడు తీసేవారు. ఓడ మునిగేలా ఉంది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవుడు ముందే మాటిచ్చాడు. అయినా నావికులు పారిపోబోతే, వీళ్ళు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని పౌలు సైనికులతో అన్నాడు. గమ్యాన్ని నిర్ణయించినవాడే దారినీ నిర్ణయించాడు. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం మొదట్లోనే ఈ జాగ్రత్త ఉంది. దేవుని సంకల్పం మనిషి ఇష్టాన్ని బలాత్కరించదు, మధ్యనున్న కారణాలను కొట్టెయ్యదు.

దివి వైపు నుంచి ఉప్పెన తర్వాత తమ్ముడి ఇంటికి చేరిన ఒక ముసలమ్మ ఆ వసారాలో మెట్టు మీద కూర్చునేది. 1977 నవంబరులో ఆ రాత్రి ఇద్దరు పిల్లలు ఆమె చేతుల్లోంచే పోయారు. వానా కరువూ, ఆరోగ్యం జబ్బూ యాదృచ్ఛికంగా కాక తండ్రి చేతినుంచే వస్తాయన్న, ప్రశ్నోత్తరావళిలోని ఇరవై ఏడో ప్రశ్న చదివిన రోజు మేమంతా ఆమె మొహం చూడలేకపోయాం. మాస్టారూ వివరించబోలేదు, కాగితం మడిచి ఊరుకున్నారు. చాలాసేపటికి ఆమే అంది, "అయ్యా, సముద్రం తీసుకుపోయిందంటే నేనెవర్ని అడిగేది? ఆయన తీసుకుపోయాడంటే ఆయన్ని అడగొచ్చు." తర్వాత చాలా ఏళ్ళు ఆమె అడుగుతూనే ఉంది, ప్రార్థనలో, అందరి ముందూ. ఎవరూ ఆపలేదు.

రక్షించబోయేవాళ్ళను దేవుడు ముందే ఎన్నుకున్నాడనే ఈ ఏర్పాటు ఉంటే సువార్త ఎందుకన్న ప్రశ్నకు మాస్టారి జవాబు ఒక పేరు: విలియం కేరీ. చెప్పులు కుట్టిన మనిషి. ఏర్పాటును గట్టిగా నమ్మిన పర్టిక్యులర్ బాప్టిస్టు. 1793లో బెంగాలుకు వచ్చాడు. 1812 మార్చిలో శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడి వ్రాతప్రతులు, అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. రెండేళ్ళకు, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. ఇక్కడికొచ్చేసరికి మాస్టారి గొంతు మారేది. ఏర్పాటును నమ్మినవాడు చేతులు ముడుచుకోలేదు, మన విభక్తులు నేర్చుకున్నాడు.

*

కొత్తగా ఈ సత్యం తెలిసినవాళ్ళ మీద ఆయనకు ఒక బెంగ ఉండేది. మా కుర్రాళ్ళు మొదటి నెలల్లో పెళ్ళి పందిట్లో, బస్టాండులో, ఆఖరికి చావింట్లో కూడా వాదించారు. పాస్టరు అయ్యగారి వర్తమానాన్ని మధ్యలో సరిదిద్దబోయినవాడూ ఉన్నాడు. ఆరు నెలలు వాదన మానండని మాస్టారు కట్టడి పెట్టారు. రోమా పత్రికలో పౌలు తొమ్మిదో అధ్యాయానికి రావడానికి ముందు ఎనిమిది అధ్యాయాలు రాశాడు, మీరు ఆ ఎనిమిదీ ఎగ్గొట్టి మొదలెడుతున్నారు అనేవారు. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ కూడా తన ప్రధాన గ్రంథం 1559 నాటి చివరి కూర్పులో ఏర్పాటును మూడో భాగం చివర్లో, విశ్వాసం, నీతిమంతులుగా తీర్చబడడం, ప్రార్థన అన్నీ అయ్యాక పెట్టాడు. ఆ వరస తప్పితే మందు విషమవుతుంది.

ఈ సిద్ధాంతాన్ని కుదించి చెప్పే అయిదు అంశాల పేర్లు కూడా ఆయన ఆలస్యంగానే చెప్పారు. 1610లో, ఏర్పాటు బోధను విమర్శించిన డచ్చి బోధకుడు అర్మీనియస్ అనుచరులు అయిదు అభ్యంతరాలు రాసిస్తే, 1618–19లో డచ్చి దేశంలో డోర్ట్ సభ వాటికి జవాబు చెప్పింది. అందుకే అయిదు. సిద్ధాంతమంతా ఆ అయిదే అనుకోవద్దని హెచ్చరించేవారు. బాప్తిస్మం విషయంలో ఆయన, నమ్మినవాళ్ళకే బాప్తిస్మం అనే 1689 లండన్ బాప్టిస్టు ప్రమాణం వైపు. పక్క ఊరి సీఎస్ఐ ఉపదేశి వెస్ట్‌మినిస్టర్ వైపు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే పక్షం. ఇద్దరూ ఒకే సైకిలు మీద ఇళ్ళు తిరిగేవారు.

ఆయన కంటి ఆపరేషనుకు వెళ్ళి మూడు నెలల తర్వాత వచ్చిన శనివారం, కుశల ప్రశ్నలు అయ్యాక, ఆపిన వచనం తర్వాతి వచనం చదవమన్నారు. జెనీవా నుంచి వెళ్ళగొట్టబడిన కాల్విన్ 1541లో తిరిగొచ్చి అలాగే చేశాడట, 1538లో ఎక్కడ ఆపాడో ఆ తర్వాతి చోటునుంచే.

*

పెట్టె అడుగున ఒక స్టెన్సిల్ వాడనిది దొరికింది. 129వ ప్రశ్న. ఆ వారం డ్రమ్ము మీది పట్టు తెర చిరిగింది, విడి భాగాలు దొరకలేదు, ఈలోగా ఊళ్ళోకి జిరాక్సు వచ్చేసింది. ఆ ఒక్కటీ ఆయన నోటితో చెప్పారు గాని కాగితం మా చేతికి రాలేదు.

మాస్టారి అమ్మాయి దాన్ని రెండు కొసలా పట్టుకుని ట్యూబులైటుకు అడ్డంగా ఎత్తింది. కలం తెగ్గోసిన చోటల్లా వెలుతురు వచ్చింది. మనవడు కూడబలుక్కుంటూ చదివాడు. "ఆమేన్ అను మాటకు అర్థమేమి? ఇది సత్యము, నిశ్చయము. నేను కోరుచున్నానని నా హృదయమునకు తోచినదానికంటె ఎంతో నిశ్చయముగా నా ప్రార్థన దేవునిచేత ఆలకింపబడినది."

వాడు చివరి మాట దగ్గర వేలు పెట్టాడు. "అమ్మా, ఈ సున్నా ఎందుకు తెరిచి ఉంది?"

"లోపలి ముక్క ఊడిపోకుండా" అంది వాళ్ళమ్మ.